గుడ్ల అట్టలో ఖాళీ గుంట

నాకు అక్షరాలు వచ్చింది మా ఆయన పోయాక, మనవరాలి పక్కన కూర్చుని దిద్దుకుంటే. అందుకని తప్పులుంటాయి. దీర్ఘాలు మరిచిపోతాను, ఒత్తులు పెట్టాల్సిన చోట పెట్టను. మన్నించి, సరిచేసుకుని చదవండి. రాయడం కూడా నెమ్మదే. మీరు ఒక పూటలో చదివేది రాయడానికి నాకు వానాకాలమంతా పట్టింది. ఎదురింటి అత్తా కోడళ్ల దగ్గర విడివిడిగా విన్నదాన్ని ఒకచోట చేర్చి కుట్టాను, అంతే.

రేవులోకి దిగే వీధిలో చివరి కొట్టు రీళ్లమ్మది. గాలం వేసేవాళ్లకు ఆమె అసలు పేరు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ రాలేదు. ఉప్పునీళ్లు తాగి బిగుసుకుపోయిన గాలం రీలు ఏదైనా సరే, ఆమె చేతిలో పడితే మళ్లీ తిరగాల్సిందే. కొట్టంటే ఒకే గది. అందులో పొడవాటి బల్ల, బల్ల ముందు ఎత్తు స్టూలు. ఆ స్టూలు మీద ఆమె తప్ప ఇంకెవరూ కూర్చోరు. కిటికీ కింద పొట్టి పీట కోడలిది. పీట ముందు కిరోసిన్ గిన్నె, పాత టూత్‌బ్రష్షు, చింకిగుడ్డలు.

పని పద్ధతి ఎన్నడూ మారలేదు. రీలు విప్పుతున్నప్పుడు ఊడిన ముక్కను ఊడినట్టే గుడ్ల అట్టలో వరసగా పెట్టాలి, ఒక్కో గుంటలో ఒక్కోటి. కోడలు గుంట తరవాత గుంట తీసి, కడిగి, తుడిచి మళ్లీ ఆ గుంటలోనే పెట్టాలి. బిగించేటప్పుడు చివరి గుంట నుంచి వెనక్కి రావాలి. అట్ట ఖాళీ అయితే పని అయినట్టు. ఒక్క పక్క మూత మాత్రం అట్టలోకి రాదు. అరచేతిలో ఇమిడిపోయే ఇత్తడి మూత అది. విప్పగానే రీళ్లమ్మ దాన్ని తన ఏప్రాన్ జేబులో వేసుకుంటుంది. “మూత నా జేబులో ఉన్నంతసేపు నేను లేకుండా రీలు మూయడం ఎవరి తరమూ కాదు” అంటుంది. కోడలు ఆ కొట్టులో అడుగుపెట్టిన నాటినుంచి లెక్కలేనన్ని రీళ్లు కడిగింది గానీ మూత ఎంత బరువుంటుందో ఆమె చేతికి తెలియదు.

ఆ గురువారం బల్ల మీదున్నది సరంగు రీలు. సరంగు సొంత పడవలో సరదా జనాన్ని సముద్రం మీదికి తీసుకెళ్లి గాలాలు వేయిస్తాడు. ఖాళీ పెట్టె బోర్లించుకుని బల్ల పక్కనే కూర్చుని, తన రీలు ముక్కలన్నీ మళ్లీ ఒకటవుతుంటే బిడ్డకు నీళ్లు పోస్తుంటే చూసే తండ్రిలా చూస్తున్నాడు. తంగూసు చుట్టుకునే డ్రమ్ము కూర్చుంది. బేరింగు కూర్చుంది. రీళ్లమ్మ వేలు అట్టలో మొదటి గుంటకు వెళ్లింది.

మొదటి గుంట ఎప్పుడూ వాషరుది. మూతకూ బేరింగుకూ మధ్య ఉండే, ఉల్లిపొర లాంటి రేకు బిళ్ల. మూత తీయగానే ఊడేది అదే, మూత పెట్టేముందు ఎక్కేదీ అదే. వేలు గుంటంతా తిరిగింది. కళ్లద్దాలు ముక్కు మీదికి జరుపుకుని చూసింది. గుంట ఖాళీ.

“అమ్మాయ్, వాషరేదే?”

కోడలు బ్రష్షు ఆపింది. “నా దగ్గరికి రాలేదు అత్తయ్యా.”

“రాకపోతే ఎక్కడికి పోతుంది? కాళ్లొచ్చి నడిచెళ్లిందా?”

“నేను అట్ట తీసుకున్నప్పుడే మొదటి గుంట ఖాళీగా ఉంది. రెండో గుంట నుంచే కడిగా.”

“అంటే నేనే పెట్టలేదంటావు.”

కోడలు గిన్నెలో కిరోసిన్ గుడ్డలోకి వంచి వడగట్టింది. గుడ్డను వెలుతురులో పట్టి చూసింది. మోకాళ్ల మీద వంగి బల్ల కిందంతా అరచేత్తో తుడిచింది. అంతలో ఐసు లారీ తోలే కొడుకు అన్నానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏం పోయింది?”

“వాషరు. నీ పెళ్లాం కిరోసిన్‌తో పాటు కాలవలో కలిపేసింది” అంది రీళ్లమ్మ.

“కిరోసిన్ ఇంకా పారబొయ్యనే లేదు. ఇదిగో, గిన్నె ఇక్కడే ఉంది” అంది కోడలు నేల మీంచి.

“పోనీలే అక్కా” అన్నాడు సరంగు. “నీ దగ్గర డబ్బాడు ఉన్నాయిగా. చీమ తలకాయంత దానికి ఇంత గగ్గోలా!”

రీళ్లమ్మ డబ్బాలోంచి కొత్త వాషరు ఏరింది. ఏప్రాన్ జేబులోంచి మూత తీసి, కొంగుతో ఓసారి తుడిచి, లోపలంతా చూపుడువేలు తిప్పింది. నున్నగా ఉంది. చిటికెడు గ్రీజు రాసి, కొత్త వాషరును దానికి అతికించింది. పీట మీద మళ్లీ కూర్చోబోతున్న కోడలు మెడ చాచి అటు చూసింది.

“అత్తయ్యా, ఆ మూత ఒక్కసారి ఇలా ఇస్తారా? కడిగిస్తా.”

“మూత జోలికి రాకు. పోగొట్టిన ఘనకార్యం చాలు.”

కోడలు నోరు తెరిచింది. గుమ్మంలో నిలబడ్డ భర్తను చూసింది. నోరు మూసుకుంది. తల వంచి బ్రష్షు కడగడం మొదలుపెట్టింది. కడిగిన బ్రష్షునే మళ్లీ కడిగింది.

మూతకు మూడు మరలు బిగిశాయి. రీళ్లమ్మ రీలును చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, బొటనవేలితో డ్రమ్మును ఒక్క తోపు తోసింది. బాగుపడ్డ రీలు ఈగ రెక్కలాడినట్టు సన్నగా, చాలాసేపు పాడుతుంది. ఆ పాట ఆగేదాకా ఆమె కళ్లు తెరవదు. ఇది పాడలేదు. రెండు చుట్లు తిరిగి, మూలిగి, ఆగిపోయింది. ఇంకోసారి తోసింది. ఇంకా ముందే ఆగింది.

సరంగు ముఖంలో నవ్వు పోయింది. “ఆదివారం తెల్లారగానే పడవ కడుతున్నానక్కా.”

“శనివారం సాయంత్రానికి నీ చేతిలో ఉంటుంది. పో.”

కోడలు టీ తెచ్చింది. గ్లాసు చుట్టూ గుడ్డ చుట్టి ఉంది. రీళ్లమ్మ గుడ్డ లాగి అవతల పడేసింది. “ఏం, నేనేమన్నా పసిపిల్లనా?” పొగలు కక్కే గ్లాసును ఒట్టి చేతుల్తో పట్టుకుని తాగింది. కోడలు చూపు ఆ వేళ్ల మీదే ఉంది. రీళ్లమ్మ దాన్ని గమనించి వీపు తిప్పింది. కిందటి నెల ఒక గాలం ఆమె బొటనవేల్లో దిగింది. గుడ్డ మీద నెత్తురు చూసేదాకా దిగినట్టే తెలియలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే, “ఇక ఇంట్లో కూర్చో అమ్మా” అంటాడు కొడుకు. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలి? గోడలకు మరలు బిగించాలా?

శుక్రవారం పొద్దున్నే రీలు మళ్లీ ముక్కలైంది. గ్రీజు ఎక్కువైందేమోనని బేరింగులు కడిగి, సూది మొనతో ఒక్కో చుక్క నూనె వేసింది. మూసి తోసింది. మూలుగు. డ్రమ్ము ఇరుసు వంగిందేమోనని బల్ల మీది అద్దంపలక మీద దొర్లించింది. ఇరుసు పెన్సిల్లా తిన్నగా దొర్లింది, ఎక్కడా ఎగరలేదు. బేరింగులే మార్చేసింది. మూలుగు. డ్రమ్ము కింద తంగూసు పోగు ఏమన్నా చిక్కుకుందా అని భూతద్దం పెట్టి వెతికింది. లేదు.

చివరికి ఒకటి కనిపెట్టింది. మూత మరలు వదులుగా ఉన్నంతసేపు డ్రమ్ము తిరుగుతోంది. బిగించగానే పట్టేస్తోంది. వదిలితే దారికొస్తుంది, బిగిస్తే మొండికేస్తుంది, కొందరు మనుషుల్లాగే.

“మూత కూర్చునే పక్క రేకు వంగింది” అంది పైకి. “కింద పడేసుంటాడు.”

కోడలు పీట మీంచి నెమ్మదిగా అంది: “మూత లోపల ఏమన్నా…”

“మూత లోపల ఏముంటుందే? నా జేబులో ఉన్నదాంట్లోకి దయ్యం దూరిందా? నీ పని చూసుకో.”

మధ్యాహ్నం సరంగు తొంగిచూశాడు. రీళ్లమ్మ అతనికి కూర్చోమనైనా చెప్పలేదు.

“నిజం చెప్పు. పడవలో రీలు జారవిడిచావా?”

“నేనా?”

“పక్క వంగింది. వంగకపోతే ఇలా పట్టదు.”

“ఆడలేక మద్దెల ఓడంటే ఇదేనక్కా” అన్నాడు సరంగు. గొంతు మెత్తగానే ఉంది, అందుకే మాట ఎక్కువ గుచ్చుకుంది. “నీ గుమ్మం ఎక్కేటప్పుడు తిరుగుతూనే ఉంది. కాస్త ఇసక కరకరలాడుతోంది, చూడమన్నా. ఇప్పుడు అసలే తిరగనంటోంది. పోనీ ఇలా ఇచ్చెయ్యి, బజారులో మిషన్ల కొట్టువాడికి చూపిస్తా.”

“ఇంకొకడి చేతిలో పెట్టావో, మళ్లీ నా గుమ్మం తొక్కకు.”

అతను రీలు ముట్టుకోకుండా వెళ్లిపోయాడు. అతని చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా రీళ్లమ్మ స్క్రూడ్రైవర్ ఎత్తలేదు. అరచేతులు చెమట పట్టాయి. చెమట పట్టినట్టు వేళ్లకు తెలియలేదు, స్క్రూడ్రైవర్ జారినప్పుడు తెలిసింది.

సాయంత్రం కొడుకు వస్తూ ఒక జత రబ్బరు బూట్లు తెచ్చాడు. తెల్లవి, మోకాళ్ల దాకా వచ్చేవి. గుమ్మం పక్కన నిలబెట్టాడు.

“చేపల ప్యాకింగు షెడ్డు మేస్త్రీతో మాట్లాడా” అన్నాడు భార్యతో. “సోమవారం నుంచి రమ్మన్నాడు. చేపలకు వాషర్లుండవు, నువ్వు పోగొట్టినా ఎవరూ అడగరు.”

తన హాస్యానికి తానే నవ్వుకున్నాడు. కోడలు బూట్లలో కాళ్లు పెట్టి చూసింది. మడమ దగ్గర మూడు వేళ్ల సందు. “పెద్దవి” అన్నాడతను కంగారుగా. “ఫరవాలేదు, రెండు జతల మేజోళ్లు వేసుకుంటాలే” అంది కోడలు.

రీళ్లమ్మ బల్ల తుడుస్తూ అన్నీ విన్నది. ఆపుదామా అనిపించింది. కోడలు కడిగిన ముక్క పిల్లి నాకిన గిన్నెలా ఉంటుంది, అంత శుభ్రంగా కడిగే చెయ్యి మళ్లీ దొరకదు. కానీ ఆ వెనకే ఇంకో ఆలోచన నక్కి నక్కి వచ్చింది. ఈ పిల్ల వెళ్లిపోతే తన వేళ్ల వైపు చూసే కళ్లుండవు. గుడ్డ చుట్టిన గ్లాసులుండవు. ఆమె బల్ల తుడుస్తూనే ఉంది.

శనివారం తెల్లారినప్పటి నుంచి వాన. కోడలు పీట కడిగి గోడకు చేరేసింది. కిరోసిన్ గిన్నె బోర్లించింది. బ్రష్షును ఉతికిన గుడ్డలో చుట్టి, “దీని కుచ్చు ఇంకా బాగానే ఉంది అత్తయ్యా, పారెయ్యకండి” అని చెప్పి వెనక వంటగదిలోకి వెళ్లింది. కొట్టులో రీళ్లమ్మ, రీలు, రేకుల మీద వాన మిగిలారు.

పక్క రేకును సుత్తితో సరిచేయడం తప్ప దారి లేదు. పాత ఇత్తడి. ఒక్క దెబ్బ ఎక్కువైతే పగులుతుంది, పగిలితే దానికి మందు లేదు. సుత్తికి గుడ్డ చుట్టి పక్కన పెట్టుకుంది. మరలు విప్పింది. మూత తీసి అలవాటుగా జేబులో వేసుకోబోయింది. వేళ్ల సందులోంచి అది జారింది.

జారి అద్దంపలక మీద పడింది.

ఇత్తడి మూత అద్దం మీద పడితే ఖంగుమని ఒక్కటే మోగాలి. ఇది ఖంగుమంది, దాని వెనకే సన్నగా టిక్కుమంది. వెక్కిరించినట్టు. రీళ్లమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మూతను తీసి, జానెడు ఎత్తు నుంచి మళ్లీ వదిలింది, ఈసారి కావాలని. ఖంగు. టిక్కు. వాషరు ఒకటే ఉంటే గ్రీజుకు అంటుకుని కిక్కురుమనదు. ఒకదాని మీద ఒకటి ఉంటేనే ఇలా పళ్లు కొట్టుకుంటాయి.

సూది తీసింది. మూత అంచున గుచ్చి లేపింది. తాను గురువారం వేసిన కొత్త వాషరు తళతళలాడుతూ వచ్చింది. మూత అడుగున చూపుడువేలు పెట్టి తడిమింది. నున్నగా ఉంది, ఏమీ లేదు, అంది వేలు. మూతను పెదవి దగ్గర పెట్టుకుంది. పెదవికి అంచు తగిలింది. వెంట్రుకవాసి అంచు. సూది మళ్లీ దిగింది. గ్రీజు ముద్దలోంచి పాత వాషరు వచ్చింది. గోధుమరంగు తిరిగి, ఏళ్ల తరబడి బేరింగు ఒరుసుకున్న గుండ్రటి గాడితో.

మూత విప్పిన క్షణంలోనే అది మూతతో పాటు ఊడివచ్చింది. మూతతో పాటే తన జేబులోకి వెళ్లింది. చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికినట్టు, ఒకదాన్ని పోగొట్టావని నింద వేసి, ఆ నింద మీద ఇంకో వాషరు వేసి బిగించింది. రెండు వాషర్ల మందం డ్రమ్మును నొక్కిపట్టింది. కడిగిన ముక్కల్లో ఏ ముక్కకూ తప్పు లేదు. కడగడానికి ఇవ్వని ఒకే ఒక్క ముక్కలో ఉంది తప్పు.

పాత వాషరు ఒక్కటే పెట్టి మూసింది. తోసింది. ఈగ రెక్కల చప్పుడు. సన్నగా, చాలాసేపు, వాన చప్పుడులో కలిసిపోయేదాకా. ఆమె కళ్లు మూసుకోలేదు. గుమ్మం పక్కన తెల్ల బూట్లు కనిపిస్తున్నాయి.

కొత్త వాషరును తీసి డబ్బాలో వేసి మూతపెట్టింది. అంతే. అయిపోయింది. డబ్బాలో వాషర్లను ఎవరు లెక్కపెడతారు? బేరింగు మార్చాను, కుదిరింది అంటే సరంగు నమ్ముతాడు. పడవ కదులుతుంది. సోమవారం బూట్లూ కదులుతాయి.

ఆమె చూపు బూట్ల మీంచి గోడకు చేరేసిన పొట్టి పీట మీదికి వెళ్లింది. తరవాత డబ్బా తెరిచి, గోటితో తీయబోతే రాక, మొత్తం బల్ల మీద కుమ్మరించి, అన్నిట్లోకీ గ్రీజు అంటిన ఆ ఒక్కదాన్ని ఏరింది.

“అమ్మాయ్! ఒకసారి ఇలా రా.”

కోడలు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. రీళ్లమ్మ రీలు మూత విప్పి, పాత వాషరు తీసి, మూత జేబులో వేసుకుని, ఆ వాషరును కొత్తదాని పక్కన అద్దంపలక మీద పెట్టింది. ఏం చెప్పాలో రాత్రినుంచి వల్లించుకున్న మనిషిలా గొంతు సవరించుకుంది.

కోడలు రెండిటినీ చూసింది. ఆశ్చర్యపోలేదు.

“దొరికిందా అత్తయ్యా” అంది నిదానంగా.

రీళ్లమ్మ తలెత్తింది. “నీకు తెలుసా?”

“ఆ రోజు మీరు కొత్తది అతికిస్తుంటే లోపల అంచు మెరిసింది. పాతది అక్కడే ఉందని అర్థమైంది.”

“మరి చెప్పి చావొచ్చుగా! నోట్లో ఏం పెట్టుకున్నావ్?”

“మూత ఇవ్వండి, కడుగుతానన్నా. నిన్న కూడా అనబోయా.”

“అలా నసిగితే ఎవరికి తెలుస్తుంది? గట్టిగా చెప్పాల్సింది. అందరి ముందూ దొంగలా నిలబెట్టానే నిన్ను!”

కోడలు చీర కుచ్చెళ్లు సర్దుకుంది. సర్దడానికి అక్కడ చెదిరిందేమీ లేదు. “ఆయన గుమ్మంలో ఉన్నారు. సరంగు పక్కనే ఉన్నాడు. మీరు వేలితో తడిమి చూసి మరీ కొత్తది అతికించారు. ఉందని నేను చూపిస్తే, వేళ్ల సంగతి బయటపడేది.”

వాన జోరు పెరిగింది.

“ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“గాలం దిగిన రోజు నెత్తురు గుడ్డ ఉతికింది నేనేగా.”

రీళ్లమ్మ తన పదివేళ్లనూ ఎవరివో అన్నట్టు చూసుకుంది.

“నాకు షెడ్డులో పని దొరుకుతుంది అత్తయ్యా” అంది కోడలు. “మీకు ఈ స్టూలు తప్ప ఇంకేం దొరుకుతుంది? అందుకని ఊరుకున్నా. ఆ కొత్తది ఇలా ఇవ్వండి, డబ్బాలో వేసేస్తా. ఎవరికీ తెలియక్కర్లేదు.”

చెయ్యి చాచింది. కిరోసిన్‌కు పగిలిన చెయ్యి. రీళ్లమ్మ ఆ చేతిలో వాషరు పెట్టలేదు. బల్ల అంచు పట్టుకుని, ఒక కాలు, తరవాత ఇంకో కాలు, ఎత్తు స్టూలు దిగింది. ఏప్రాన్ జేబులోంచి ఇత్తడి మూత తీసి ఆ చేతిలో పెట్టింది.

“ఎక్కు.”

“అత్తయ్యా…”

“ఎక్కవే, నేను చెప్తుంటే. నిలబడి వినడానికి ఓపికుంది గానీ నిలబడి బతిమాలడానికి లేదు.”

కోడలు స్టూలు అంచున కూర్చుంది, ఏ క్షణానైనా లేచేదానిలా. మూతను గుడ్డతో తుడిచింది. లోపల వేలు తిప్పింది, అంచు అంచునా ఆగి. పాత వాషరును బేరింగు మీద కూర్చోబెట్టింది. మూత పెట్టి, మూడు మరలూ ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా బిగించింది. రీలును అత్త చెవి దగ్గరికి పట్టుకుని తోసింది. రీళ్లమ్మ కళ్లు మూసుకుంది.

“కిటికీ వైపు మర పావు చుట్టు ఎక్కువైంది.”

కోడలు వదులు చేసింది. తోసింది.

“ఊఁ.”

ఆ పాట ఇంకా ఆగకముందే గొడుగు విదిలించుకుంటూ సరంగు వచ్చాడు, వెనకే ఐసు లారీ ఆపి కొడుకూ వచ్చాడు. స్టూలు మీద కోడలినీ, నేల మీద నిలబడ్డ తల్లినీ చూసి ఇద్దరూ గుమ్మంలోనే ఆగారు. సరంగు చెవి రిక్కించాడు. ముఖం వికసించింది.

“తిరుగుతోంది! అక్కా, నీ చెయ్యి…”

“నా చెయ్యి కాదు. నా చేతికి ఇప్పుడు వేడీ తెలియట్లేదు, వాషరూ తెలియట్లేదు” అంది రీళ్లమ్మ. గబగబా అంది, ఆగితే మిగతాది రాదేమోనని. “వాషరు ఎక్కడికీ పోలేదు. నా మూతలోనే ఉంది. దాని మీద ఇంకోటి వేసి బిగించింది నేను. నువ్వు రీలు పడెయ్యలేదు, ఇది వాషరు పారెయ్యలేదు. ఇద్దర్నీ అన్నందుకు నా నోరు కాల్చుకోవాలి. డబ్బులు స్టూలు మీదున్నామెకు ఇవ్వు, బిగించింది ఆమె.”

సరంగు రీలు అందుకున్నాడు. మద్దెల మాట గుర్తొచ్చిందేమో, తలవంచుకుని తంగూసు కొస వెతుక్కున్నాడు. కొడుకు తల్లినీ, భార్యనీ, బూట్లనీ మార్చి మార్చి చూశాడు.

“మరి మేస్త్రీకి ఏం చెప్పను? సోమవారం పంపిస్తానన్నానే!”

“బూట్లు నువ్వు తొడుక్కుని ఐసు దించు. నీ కాళ్లకు సరిగ్గా సరిపోతాయి” అంది రీళ్లమ్మ.

సరంగు నవ్వాడు. కొడుకు నవ్వాలో వద్దో తేల్చుకోలేక బూట్లు చంకలో పెట్టుకున్నాడు. కోడలు నవ్వు దాచుకోవడానికి లోపలికి వెళ్లి టీ పెట్టుకొచ్చింది. గ్లాసు చుట్టూ గుడ్డ లేదు. ఉంటే అత్తకు కోపమొస్తుందని తీసేసినట్టుంది. రీళ్లమ్మ గోడకు చేరేసిన పొట్టి పీట వాల్చుకుని కిటికీ కింద కూర్చుంది. చెయ్యి చాచింది. గ్లాసు దాకా వెళ్లిన చెయ్యి తాకకముందే ఆగింది.

“కాస్త చూసి చెప్పవే” అంది. “పట్టుకోవచ్చా?”

కోడలు గ్లాసును తన వేళ్లతో చుట్టి చూసింది.

“ఇప్పుడే వద్దు అత్తయ్యా. కాసేపాగండి.”

రీళ్లమ్మ ఆగింది.

ఇంతే కథ. నన్ను అందరూ దారాలమ్మ అంటారు. డెబ్బై ఒకటి నిండాయి. ఇప్పుడు ఉంటున్నది రీళ్ల కొట్టుకు ఎదురు మేడలో, పెద్దమ్మాయి దగ్గర, వీధి వైపు గదిలో.